సినిమా కాస్తా సీరియల్ అయిపోయింది

కొత్త టీవీ వచ్చి నెలైంది. ఆదివారం పాత సినిమా పెడితే అమ్మ, "ఇదేంట్రా, సీరియల్‌లా కనపడుతోంది?" అంది. నేనూ గమనించాను గానీ, అంత డబ్బు పోసి కొన్నాక ఒప్పుకోవడం కష్టం కదా!

రాత్రి అందరూ పడుకున్నాక రిమోట్ పట్టుకుని మెనూలోకి దిగాను. షాపు లైట్ల మధ్య మెరవడానికి పనికొచ్చే వివిడ్ మోడ్ ఇంట్లోనూ అలాగే ఉంది. తీసేసి సినిమా మోడ్ పెట్టాను. అసలు దొంగ మాత్రం మోషన్ స్మూతింగ్. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో. టీవీ ఆ మధ్యలో లేని ఫ్రేముల్ని తనే పుట్టించి ఇరికిస్తుంది. అందుకే సీరియల్‌లాంటి ఆ నున్నటి కదలిక. ఆఫ్ చేశాను. షార్ప్‌నెస్ బాగా తగ్గిస్తే మొహాల చుట్టూ తెల్లటి గీతలు పోయాయి. తెలుపు పసుపు వైపు ఉండాలా, నీలం వైపు ఉండాలా అని చెప్పే కలర్ టెంపరేచర్‌ని 'వార్మ్'కి మార్చగానే తెరకి కామెర్లు వచ్చినట్టు అనిపించి కంగారుపడ్డాను. నిజానికి ప్రమాణంగా తీసుకునే తెలుపు ఆ కొలతలో 6500 కెల్విన్ దగ్గర, అంటే ఈ 'వార్మ్'కి దగ్గర్లోనే ఉంటుంది. మన కళ్లకి అలవాటైంది నీలిమందు పెట్టిన తెలుపు!

రెండు రోజుల్లో సర్దుకుంది. క్రికెట్ వస్తే మాత్రం నాన్న మళ్లీ వివిడ్ పెట్టేస్తున్నారు. గడ్డి అంత పచ్చగా లేకపోతే ఆయనకి మ్యాచ్ చూసినట్టే ఉండదట.