కంప్యూటర్ అడిగితే గానీ నాన్న చెప్పలేదు

నాన్నకి గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) అని తెలిసినప్పటి నుంచి చుక్కల మందు, కంటి ప్రెషర్, చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్, ఇవే చూసుకుంటున్నాం. ఈసారి ఆసుపత్రిలో నాన్నని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రోజువారీ పనుల గురించి అడిగారు. మెట్లు దిగడం, మసక వెలుతురులో నడవడం, రోడ్డు దాటడం... మనం ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, అందుకే అనవసరమైనవి అడిగి విసిగించకుండా తొందరగా అయిపోయింది.

ఇంట్లో ఎప్పుడడిగినా "బానే కనిపిస్తోందిరా" అనే మనిషి, అక్కడ 'చాలా కష్టం' అన్నదాన్నే నొక్కుతూ పోయారు! మెహదీపట్నంలో పక్కనుంచి దూసుకొచ్చే బైకులు మీదికొచ్చేదాకా కనపడవట, బస్సు దిగేటప్పుడు మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటారట. గ్లకోమాలో సాధారణంగా ముందు దెబ్బతినేది పక్కచూపే, పేపర్ చదివేస్తున్నారు కదా అని మేం ధైర్యంగా ఉన్నాం. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడానికే ఆ చుక్కలు.

రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, వచ్చే వారం అక్కా నేనూ కళ్లు చూపించుకుంటున్నాం.