రాట్నం ఆగే చోట: ఒక జర్మన్ పాట నేర్చుకున్న నా అనుభవం

జర్మనీ వచ్చిన మూడో ఏడు గాత్రం క్లాసులో చేరాను. చిన్నప్పుడు విజయవాడలో ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను కాబట్టి శ్రుతి, తాళం గురించి భయం లేదు. టీచర్ ఇచ్చిన పాట ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ కట్టిన 'గ్రేట్షెన్ ఆమ్ ష్పిన్‌రాడె', అంటే రాట్నం ముందు గ్రేట్షెన్. మాటలు జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోవి, గ్రేట్షెన్ అందులోని అమ్మాయి. 1814 అక్టోబర్ 19న దీనికి స్వరం కట్టేనాటికి షూబర్ట్ వయసు 17 ఏళ్లే.

మొదటి నెలంతా ఉచ్చారణకే సరిపోయింది. "మైనె రూ ఇస్ట్ హిన్, మైన్ హెర్ట్స్ ఇస్ట్ ష్వేర్." నా నెమ్మది పోయింది, గుండె బరువెక్కింది అని. హిన్, హెర్ట్స్, ష్వేర్ అన్నీ హల్లుతో ఆగిపోతాయి. తెలుగు నోటికి చివర అచ్చు కావాలి. నాకు తెలియకుండానే 'హెర్ట్సు' అనేదాన్ని. గమకం వదలడం ఇంకా కష్టమైంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా నేరుగా అడుగు వెయ్యాలి.

అసలు పరీక్ష పియానోతో కలిసి పాడడం మొదలుపెట్టాక వచ్చింది. పియానిస్ట్ కుడిచెయ్యి ఆగకుండా గిరగిరా తిరిగే చక్రం, ఎడమచెయ్యి కింద తొక్కే కాలు. మన చేతి రాట్నంలా కాదు, ఇది కాలితో తొక్కేది. ఆ పిల్ల వడుకుతూ ప్రియుణ్ణి తలుచుకుంటుంది: అతని నడక, రూపం, చిరునవ్వు, కళ్లు, మాట, చెయ్యి పట్టుకున్న తీరు. చివరికి "ఆఖ్, జైన్ కుస్!" అయ్యో, అతని ముద్దు! అక్కడ చక్రం ఆగిపోతుంది. ఒక్క బలమైన మోత మాత్రం మిగులుతుంది.

ఆ చోట ప్రతి రిహార్సల్‌లోనూ తడబడ్డాను. తంబూర ఎప్పుడూ ఆగదు. పుట్టి పెరిగిన సంగీతంలో నా కింద ఆ ఆధారం ఉండేది. ఇక్కడ కదలిక పోగానే గొంతు బెదిరి స్వరాన్ని ముందే వదిలేసేదాన్ని. టీచర్ పాట పక్కన పెట్టించి, ఆ వరుసలను నాలుగు రోజులు మాటలుగా చెప్పించారు. అప్పుడు అర్థమైంది: తలపు ముద్దు దాకా రాగానే ఆమె కాలే తొక్కడం మరిచిపోయింది. తర్వాత చక్రం తడుముకుంటూ, ఆగి ఆగి మళ్లీ కదులుతుంది. ఆ ఆగడంలో తొందరపడకూడదు, అది ఆమె తేరుకునే సమయం.

గోథే కవిత 'నేను కరిగిపోవాలి' అన్న కోరికతో ముగుస్తుంది. షూబర్ట్ మాత్రం మొదటి రెండు వరుసలను చివర మళ్లీ పెట్టాడు. నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైన నిర్ణయం అదే. అంత ఎత్తుకు లేచిన గొంతు మళ్లీ ఆ రాట్నం దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

ఏడాది చివరి కార్యక్రమంలో టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. "కుస్" దగ్గర పియానిస్ట్ నా వైపు చూస్తూ నా ఊపిరి కోసం ఆగారు. స్వరాన్ని చివరిదాకా పట్టుకున్నాను. ఆఖరి వరుసల తర్వాత చక్రం సన్నగిల్లి ఆగింది. పియానిస్ట్ చేతులు మీటల మీద నుంచి తీసేదాకా నేను కదలలేదు.