కుండ వెనక్కి వదిలిన షాట్

పాట రాసిందీ పాడిందీ నేనే. మోసపోయిన పిల్ల తన ప్రేమకు తానే కర్మకాండ చేస్తుంది, అదీ వీడియో కథ. వాణ్ని కొట్టదు, తిట్టదు. వాడిచ్చినవన్నీ ఇసుకలో చితిలా పేర్చి నిప్పు పెడుతుంది. నీళ్ల కుండ భుజానికెత్తుకుని చుట్టూ తిరిగి, వెనక్కి చూడకుండా వదిలేస్తుంది. వాడింక నాకు లేడు అని చెప్పడానికి ఇంతకన్నా గట్టి మాట నాకు దొరకలేదు.

అమ్మకు చెప్పగానే తరుగుతున్న వంకాయ పక్కన పెట్టేసింది. "మేం బతికుండగా కుండెత్తుతావా?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పాట వినిపించాను. పూర్తిగా వింది. వద్దనలేదు, సరేననీ అనలేదు.

ఈలోగా ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు డబ్బు పెడతామన్నారు గానీ పాట మీద సర్వహక్కులూ శాశ్వతంగా రాసిమ్మన్నారు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, హక్కులు రాసిచ్చినా రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా పోదు. అది తెలిసినా, నా ఏడుపు ఇంకొకరి ఆస్తి కావడం ఇష్టంలేక వద్దన్నాను. దాచుకున్న డబ్బుతోనే దిగాం.

షూటింగ్ భీమిలి బీచ్‌లో. సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా కుండ పగలాలని మా డైరెక్టర్ అన్నకు కోరిక. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది గానీ అందులో కుంకదు కదా. సూర్యోదయం తీసి ఎడిటింగ్‌లో వెనక్కి తిప్పితే అలలు కూడా వెనక్కి నడుస్తాయి. అందుకే కథే మార్చాం: రాత్రి చితి, తెల్లారగట్ల కుండ.

అసలు కష్టం చివరి చరణంలో. బొమ్మ స్లో మోషన్‌లో కదలాలి, పెదాలు పాటతో కలవాలి. దానికి కెమెరా సెకనుకు 48 ఫ్రేములు తీస్తుంటే పక్కన స్పీకర్‌లో పాట రెట్టింపు వేగంతో మోగుతుంది. తర్వాత 24 ఫ్రేముల లెక్కన చూసినప్పుడు మనిషి నెమ్మదిస్తుంది, పాట మామూలుగా వినిపిస్తుంది. అంటే 40 సెకన్ల చరణం నేను 20 సెకన్లలో పాడేయాలి. ఊరికే పెదాలు ఆడిస్తే మెడ నరాలు కదలవు, ఆ అబద్ధం తెరమీద తెలిసిపోతుంది. గొంతెత్తి పాడాల్సిందే. పది రోజులు డాబా మీద సాధన చేశాను. "ప్రతీకారం" దగ్గర ప్రతిసారీ నాలుక మడతపడేది. దాన్ని తీసేసి "పగ" అని పెట్టి, ఆ లైను మళ్లీ రికార్డు చేశాం. పాటకూ అదే నప్పింది.

చితిలోకి తెల్లకాగితాలు చాలన్నాడు అన్న. నేను నిజం ఉత్తరాలే తెచ్చాను. బకెట్లతో నీళ్లు దగ్గర పెట్టుకుని అంటించాం. రెండో టేక్ ఉండదని అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. వాడి చేతిరాత ముందు గోధుమరంగుకు తిరిగి తర్వాత నల్లబడింది. అప్పుడు నా మొహంలో ఉన్నది నటన కాదు.

కుండలు ఆరు తెచ్చాం. మొదటిది పగల్లేదు! తడి ఇసుక మెత్తగా పట్టేసుకుంది. అడుగున చదును రాయి పెట్టి పైన పల్చగా ఇసుక చల్లాం. రెండోదానికి చిల్లులు పెద్దవై, చరణం సగంలోనే నీళ్లన్నీ కారిపోయాయి. మేకుతో చిన్నవి చేశాం. నాలుగో కుండ పగిలేసరికి సూర్యుడు నీళ్లమీద జానెడు ఎత్తులో ఉన్నాడు. ఆ చప్పుడు వీపుకి తగిలినట్టయింది. తిరగలేదు. అన్న "కట్" అన్నాక కూడా కాసేపు అలాగే నడిచాను.

పెంకులూ బూడిదా ఏరి సంచుల్లో వేసుకుని, తొమ్మిదింటికి ఇల్లు చేరాను. గేటు దగ్గర అమ్మ నిలబడి ఉంది, పక్కన పసుపు నీళ్ల బకెట్, చేతిలో చెంబు. "అక్కడే ఆగు" అంది. బట్టలతోనే తలమీంచి పోసింది.

"వెనక్కి చూశావా?"

"లేదమ్మా."

ఇంకో చెంబు పోసి, పక్కకు జరిగి దారిచ్చింది.