లో రేంజ్ లివర్ పిచ్చి

చిన్నప్పుడు జీప్ బొమ్మ దొరికితే చాలు మట్టి కుప్ప మీదకి ఎక్కించేవాణ్ణి, ఆ పిచ్చి ఇన్నేళ్ళైనా వదల్లేదు. 1941 నాటి విల్లీస్ జీప్ ఫోటో చూసినా, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో మొదటిసారి చూపించిన ల్యాండ్ రోవర్ ఫోటో చూసినా ఇప్పటికీ అదే గుండె దడ.

అసలు బుద్ధొచ్చింది మాత్రం మొదటిసారి బురదలో దిగబడ్డప్పుడు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా ఎక్కడికైనా పోతుందిలే అని దింపేశా, చూస్తే ముందో చక్రం వెనకో చక్రం గిర్రున తిరుగుతున్నాయి, మిగతా రెండూ ఉలకవు పలకవు, బండి అంగుళం కదల్దు. మామూలు డిఫరెన్షియల్ (ఎడమ కుడి చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటే పట్టు లేని చక్రమే ఊరికే తిరుగుతుందనీ, ఆ రెండిటినీ కలిపేసే లాక్ వేస్తే తప్ప రెండోది దాంతో పాటు తిరగదనీ అప్పుడు ఒంటికి పట్టింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత లోతుకి పోయా (పక్కనున్న ఫ్రెండ్ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది వెధవది). చివరికి టైర్లలో గాలి బాగా తగ్గించి, లో రేంజ్ (బండిని మెల్లగా, ఎక్కువ బలంతో లాగించే గేర్ల సెట్టు) సెకండ్ గేర్‌లో మెల్లగా క్లచ్ వదిలితే పాక్కుంటూ బయటికొచ్చింది. గాలి తగ్గితే టైరు నేలకి ఆనే భాగం పొడవు పెరుగుతుంది, అంతే కిటుకు.

కానీ తారు రోడ్డెక్కాక మళ్ళీ గాలి కొట్టాలి, టూ హైకి (రెండు చక్రాలకే శక్తి వెళ్ళే మామూలు మోడ్‌కి) మార్చాలి, ఫోర్ వీల్‌లోనే ఉంచితే నా బండిలాంటి పార్ట్ టైమ్ సిస్టమ్‌లో (ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక ఇరుసులు ఒకే వేగానికి బిగిసిపోయే రకం) మలుపు తిరిగేటప్పుడు ముందు వెనక యాక్సిళ్ళు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. ఆ రోజు గాలి కొట్టే కంప్రెసర్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళా. నత్తనడకన ఇంటికొచ్చా.

ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, కంప్రెసర్ ఇప్పుడే బండిలో పెట్టేశా.