నర్సుకి దిగులుగా ఉంటే చాలు

మెల్‌బోర్న్‌లో గ్రాడ్యుయేట్ నర్సుగా ఎమర్జెన్సీలో చేరిన కొత్తలో నాకు ఎంతకీ చేతకాని పని, కన్సల్టెంట్‌ని, అంటే అక్కడి పెద్ద డాక్టరుని, పేరు పెట్టి పిలవడం. ఈసీజీ తీయడం వచ్చింది, ఐవీ లైన్ పెట్టడం వచ్చింది, తాగొచ్చి తిట్టేవాళ్ళని ఓర్చుకోవడం కూడా వచ్చింది. తల నెరిసిన ఆ పెద్దాయన్ని పేరుతో పిలవాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. మా అమ్మ ఏలూరు వైపు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వస్తున్నారంటే వార్డంతా సర్దుకుని నిలబడటం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. నర్సింగ్ ఇక్కడికొచ్చే చదివినా, ఆ అలవాటు నా ఒంట్లోనే ఉండిపోయింది.

కొత్తవాళ్ళని ట్రయాజ్‌లో కూర్చోబెట్టరు. వచ్చినవాళ్ళని ఐదు కేటగిరీలుగా వేరుచేసే పని అది. ఒకటో కేటగిరీని వెంటనే చూడాలి, రెండుని 10 నిమిషాల్లో, మూడుని 30, నాలుగుని 60, ఐదుని 120 నిమిషాల్లో. కాగితం మీద అంతే. చలికాలం సాయంత్రం మూడో కేటగిరీ వాళ్ళు గంటలకొద్దీ కూర్చుంటారు. మనవాళ్ళెవరైనా ఉంటే "మేం వాళ్ళకంటే ముందే వచ్చాం కదమ్మా" అని నన్ను పట్టుకుంటారు. వాళ్ళ కోపంలో తప్పేముంది?

నాకిచ్చింది క్యూబికల్స్, అంటే పేషెంట్లని పడుకోబెట్టి చూసే తెరల గదులు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, ఎమర్జెన్సీలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని 2015 నాటి చట్టమే చెబుతుంది. అమ్మ నమ్మలేదు. "ముగ్గురికా? మరి మిగతా టైమంతా ఏం చేస్తావే?" అంది.

చూస్తూ ఉంటానమ్మా, అదే పని. ఊపిరి, ఆక్సిజన్, నాడి, బీపీ, జ్వరం, స్పృహ. చార్టులో రంగు వేసిన గడిలో అంకె పడితే ఎవరిని పిలవాలో అక్కడే రాసి ఉంటుంది, పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వార్డుల్లో దీన్ని మెట్ కాల్ అంటారు, మెడికల్ ఎమర్జెన్సీ టీమ్‌ని పిలవడం అన్నమాట. 1990లో సిడ్నీ లివర్‌పూల్ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి ఇది. గుండె ఆగిపోయాక పరుగెత్తేకంటే ఆగేలోపే వెళ్ళాలన్నది ఆలోచన. పిలవదగ్గ కారణాల్లో చివరిది నన్ను ఆశ్చర్యపరిచింది: అంకెలన్నీ బావున్నా, నర్సుకి దిగులుగా ఉంటే చాలు.

ఇది కూడా అమ్మకి చెప్పాను. "మా వార్డులో అలాంటి బటన్ పెడితే రోజంతా మోగుతూనే ఉంటుంది. వచ్చేవాళ్ళెవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఒక నైట్ షిఫ్టులో ఇంట్లో జారిపడిన ఒక పెద్దాయన వచ్చారు. ఎనభై దాటాయి, రక్తం పలచబడే మాత్ర వాడతారు, తలలో రక్తస్రావం ఉందేమోనని స్కాన్ కోసం వరసలో ఉన్నారు. రాగానే ఫుటీ (ఇక్కడి ఫుట్‌బాల్) మ్యాచ్ మీద జోకులేసిన మనిషి గంట గడిచేసరికి అన్నిటికీ ఊఁ అనడం మొదలుపెట్టారు. అంకెలన్నీ బావున్నాయి. పేరు, ఊరు, సంవత్సరం సరిగ్గానే చెప్పారు. రిజిస్ట్రార్‌కి, అంటే కన్సల్టెంట్ కింద పనిచేసే డాక్టరుకి చెబితే, రీసస్‌లో (ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళని చూసే గదిలో) పని అయ్యాక చూస్తానన్నాడు. మళ్ళీ వెళ్ళి, కాలేజీలో బట్టీ పట్టించిన ఐస్‌బార్ వరసలో చెప్పాను: నేనెవరిని, ఏం జరుగుతోంది, వెనకటి కథేంటి, నేను చూసిందేంటి, నాకేం కావాలి. చివర్లో "నాకు భయంగా ఉంది, ఈయన్ని ముందు పంపండి" అన్నాను. గొంతు వణికింది, అయినా మాట బయటికొచ్చింది.

స్కాన్‌లో ఏమీ లేదు. తిరిగొచ్చాక టీ, శాండ్‌విచ్ ఇస్తే జోకులు మళ్ళీ మొదలెట్టారు. పాపం, ఆకలి, నిద్ర. నాకు మాత్రం తెల్లవార్లూ ఒకటే టెన్షన్, పొద్దున క్లాసు పడుతుందని. షిఫ్టు మారేటప్పటి హ్యాండోవర్‌లో కన్సల్టెంట్ "మళ్ళీ అలా అనిపిస్తే నేరుగా నాకే ఫోన్ చెయ్యి" అని, తర్వాతి పేషెంట్ సంగతికి వెళ్ళిపోయాడు. అందరూ అలా ఉంటారని కాదు. రాత్రి మూడింటికి పిలిస్తే మొహం మాడ్చుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. కానీ వాళ్ళ మొహం ఎలా ఉన్నా, రాతపూర్వకంగా రూలు నా వైపు ఉంది.

దిగులు బయటికి చెప్పని పేషెంట్లతోనే ఇప్పుడు నాకు ఎక్కువ ఇబ్బంది. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చే మన పెద్దవాళ్ళు. ఒళ్ళంతా చెమటలు పడుతున్నా "గ్యాస్ అమ్మా, అంతే" అంటారు. నొప్పి పదికి ఎంత అంటే "ఏదో కొంచెం". అబ్బాయి కాఫీకని బయటికెళ్ళాక అసలు సంగతి చెబుతారు: ఇన్సూరెన్స్ సరిపోదేమో, బిల్లు వాడి మీద పడుతుందేమో. తెలుగు వచ్చినా, డాక్టరు పేషెంటు చేత సమ్మతి సంతకం పెట్టించేటప్పుడు అనువాదం నేను చేయకూడదు, ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తారు. అది సరైన పద్ధతే. ఛాతీ దగ్గర ఏదైనా ఉందంటే వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. అందుకని అత్తయ్య గ్యాస్ అన్నా, అజీర్తి అన్నా నేను వాదించను. ముందు ఈసీజీ తీసేస్తాను, తర్వాతే బిల్లు మాటలు.