రూపాయి బిళ్లతో కొట్టి చూడు

పదకొండేళ్లుగా కువైట్‌లో నాది ఒకటే పని, టైల్స్ పరచడం. ఇక్కడివాళ్లు టైల్‌ను కాషీ అంటారు. మా ఊళ్లో బేల్దారి పని చేసి వచ్చినవాణ్ణే గానీ, పోర్సలిన్ అనే మాట ఇక్కడికొచ్చాకే విన్నా. మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే దివానియా హాళ్లలో పెద్ద పెద్ద పలకలు, సందు 2 మిల్లీమీటర్లు, రసమట్టం పెడితే బుడగ నడుమనే నిలవాలి. అట్లాంటి పని చేసేవాణ్ణి, మా ఇంటి నేల మాత్రం ఫోన్‌లో పరిపించాల్సి వచ్చింది.

ఎర్రగుంట్ల దగ్గర మా ఊరు. స్లాబు పడ్డాక ఒక శుక్రవారం మా ఆవిడ కడపలో టైల్స్ అంగడికి పోయి వీడియో కాల్ చేసింది. అక్కడ పదకొండు, నాకు ఎనిమిదిన్నర. సెలవు రోజు కదా, రూములో అందరూ నిద్రలో ఉన్నారు. నేను దుప్పట్లో గుసగుసలు.

"ఇది పోర్సలినేనంటబ్బా. పక్కదానికన్నా అడుగుకు 20 రూపాయలు తక్కువంట."

"తిరగేసి చూపించు."

వెనక ఇటుక రంగు. అనుమానమొచ్చింది గానీ, రంగు చూసి తేల్చే విషయం కాదిది. చేతిలో ఉన్న బాటిల్‌లోంచి వెనక వైపు కాసిని నీళ్లు పొయ్యమన్నా. అంగడి మధ్యలో ఇదేం పనని గొణుగుతూనే పోసింది. చూస్తుండగానే నీళ్లు లోపలికి దిగి, నల్లటి మరక పడింది. పక్కదాని మీద పోస్తే నీళ్లు పోసినచోటే నిలిచాయి. కొంగుతో తుడిస్తే తడి ఆనవాలు లేదు.

"అదీ మంచిదేనమ్మా" అన్నాడు అంగడాయన. మాట అబద్ధం కాదు, పేరే అబద్ధం. అది సిరామిక్.

రెండూ మట్టితో చేసినవే. పోర్సలిన్‌కు మెత్తటి తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడి కలిపి గట్టిగా ఒత్తి, 1,200 డిగ్రీల దాకా కాలుస్తారు. లోపల కరిగి గాజులా కలిసిపోతుంది. అందుకే 100 కిలోల పోర్సలిన్ నీళ్లలో వేసినా అర కిలోకు మించి తాగదు. గోడలకు వేసే మామూలు సిరామిక్ అయితే 10 కిలోల పైనే తాగుతుంది. మన అంగళ్లలో విట్రిఫైడ్ అనేది పోర్సలిన్ జాతిదే. సిరామిక్ మీద రోకలి పడిందనుకోండి, పైపూత లేచి కింద మట్టి కనిపిస్తుంది.

అట్లని వంటింటి గోడకు పోర్సలిన్ ఎందుకు? గోడను ఎవరూ తొక్కరు. సిరామిక్ బరువు తక్కువ, గీత గీసి విరిస్తే విరుగుతుంది, తడి తాగుతుంది కాబట్టి సిమెంటు బాగా పట్టుకుంటుంది. గోడలకు అదే తీసుకోమన్నా. హాలుకూ గదులకూ పోర్సలిన్. బాత్రూం నేలకు కూడా పోర్సలినే, కానీ మెరుపు లేనిది. ఆమెకు మెరిసేదే కావాలి. దీని మీద రెండు రోజులు మాటల్లేవు.

మా అమ్మది ఇంకో పేచీ. "గనులు మన పక్కనే పెట్టుకొని గుజరాత్ బండలా నాయనా?" కడప బండ సున్నపురాయి, నిమ్మరసం, చింతపులుసు పడితే మచ్చ పోదని చెప్పా. "వసారాలో నేనేమన్నా పులుసు కాస్తానా?" అంది. వసారాకు కడప బండే వేశాం. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా దాని మీదే పడుకుంటుంది.

ఎంపిక వరకు గెలిచా. ఓడిపోయింది పరిచేటప్పుడు. నీళ్లు తాగని బండ సిమెంటు పాలనూ తాగదు, పట్టు దొరకదు. దానికి టైల్ గమ్ కావాలి. పళ్ల తాపీతో చాళ్లు తీసినట్టు నేలకు పూసి, బండ వెనకా పలచగా పూసి అదమాలి. బేల్దారి మామకు ఫోన్‌లో పదిసార్లు చెప్పా.

"నువ్వు పుట్టకముందు నుంచి సిమెంటు పాలతోనే పరుస్తా ఉండా అల్లుడా" అన్నాడు. నేను కువైట్‌లో, తాపీ ఆయన చేతిలో. హాలంతా ఒప్పించా గానీ, వాకిలి దగ్గర గమ్ అయిపోతే ఎవరికీ చెప్పకుండా పాలు పోసి కానిచ్చేశాడు.

నెల తర్వాత మా ఆవిడతో రూపాయి బిళ్ల తీయించి ఒక్కో బండనూ కొట్టించా. ఫోన్ నేలకు ఆనించి పెట్టింది. టక్, టక్, టక్. వాకిలి దగ్గరికి రాగానే గుల్ల శబ్దం, ఎండిన సొరకాయను కొట్టినట్టు. మూడు బండల కింద పట్టు లేదన్నమాట.

అదే బ్యాచ్ నంబరు పెట్టె ఒకటి అటక మీద దాచమని ముందే చెప్పి ఉంచా. తర్వాత కొంటే రంగు కలవదు. ప్రస్తుతానికి ఆ మూడింటి మీద నులక మంచం వేసి పెట్టింది, ఎవరూ తొక్కకుండా. రంజాన్ అయ్యాక నాకు లీవు. పెట్టెలో అందరి సామాన్ల కన్నా ముందు పళ్ల తాపీ సర్దుకున్నా.