మా నూరువరహాలు మళ్లీ పూశాయి – నా అనుభవం

నెల్లూరులో ఇల్లు కట్టుకున్నాక ప్రహరీ గోడ వెంట నాలుగు నూరువరహాల మొక్కలు పెట్టాను. చిన్నప్పుడు అమ్మమ్మ వాకిట్లో ఆ ఎర్రటి గుత్తుల మీద సీతాకోకచిలుకలు వాలుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని, అదే నా ఆశ. నాటడం ఒక్క పూటలో అయిపోయింది.

రెండు నెలలకు లేతాకులు పసుపు రంగుకి తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. మొగ్గ లేదు. రెండు ఆకులు కోసుకుని మొక్కలు కొన్న నర్సరీకే వెళ్లాను. ఆయన ఆకు వంక చూడనైనా లేదు. "కడియం నుంచి తెప్పించిన మొక్కమ్మా, దానికేం రోగం? కొందరి చెయ్యి అంతే, మొక్క బతకదు" అన్నాడు. పక్కన బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు నా చేతుల వంక చూశారు. ముప్పై ఏళ్లుగా మల్లె, కనకాంబరం పెంచిన చేతులివి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నోరెత్తకుండా ఆయనిచ్చిన యూరియా తెచ్చి వేశాను. కొత్త చిగురు ఇంకా పాలిపోయింది. మళ్లీ వెళ్తే ఏదో టానిక్ సీసా అంటగట్టాడు.

పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న మా మావ వచ్చి చూడగానే, "ఇనుము అందడంలా అమ్మాయ్. యూరియాలో ఉండే నత్రజని తక్కువైతే లేతాకు కాదు, ముదురాకు ముందు పండుద్ది" అన్నాడు. గోడ పక్కన తవ్వితే జానెడు లోతులో సిమెంటు పెళ్లలు! మేస్త్రీ అక్కడే పూడ్చేసి పోయాడు. నూరువరహాలకు కాస్త పులుపున్న నేల కావాలి. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చేముందు గోడ పక్కన ఒకసారి తవ్వించి చూడండి.

పెళ్లలు ఏరేసి ఎర్రమట్టి, పేడ ఎరువు నింపాం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకుల మీద కొట్టాను. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. గచ్చు మీద పడితే తుప్పు మరక పడుతుంది. మూడోసారికి చిగురు ఆకుపచ్చగా వచ్చింది.

ఈ వారం నాలుగు మొక్కలూ పూశాయి. నిన్న ఒక గుత్తి తీసుకెళ్లి ఆ నర్సరీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. పొద్దున్నే నల్లటి సీతాకోకచిలుకలు వస్తున్నాయి, రెక్క మీద తెల్ల మచ్చల వరస ఉన్నవి. నిమ్మ నారు ఆకులు తినేది వీటి పురుగులేనని మావకి వాటి మీద కోపం. మా కరివేపాకు మీద రెండు పురుగులు కనపడగానే నలపబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.